చెంబులో గదంతా కనిపిస్తుంది: ఇత్తడి, స్టీలు, గాజు సామాన్ల స్టిల్ లైఫ్

ఇత్తడి చెంబు వేస్తే అది పసుపు పూసిన మట్టికుండలా ఎందుకు వస్తుంది? ఆయిల్ రంగులతో స్టిల్ లైఫ్ (బల్ల మీద అమర్చిన వస్తువుల బొమ్మ) మొదలుపెట్టిన దాదాపు అందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. విరుగుడు రంగుల షాపులో ఉంటుందనుకుని చాలామంది గోల్డ్ ట్యూబు కొనుక్కొస్తారు. దాంతో బొమ్మ ఇంకా చెడుతుంది. ఆ రంగులోని మెరుపు పొడి మీ గదిలోని లైటుకు తళుక్కుమంటుంది, బొమ్మలో మీరు వేసిన లైటుతో దానికి సంబంధం ఉండదు. చూసేవాళ్లు రెండడుగులు పక్కకు జరిగితే చెంబులో నీడ ఉండాల్సిన వైపు కూడా మెరుస్తుంది.

మెరిసే వస్తువు ముందు ఏముంటే అందులో అదే ఉంటుంది: కిటికీ, ట్యూబ్‌లైటు, సీలింగ్ ఫ్యాను, కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు, బొమ్మ వేస్తున్న మీరు. వీటిని అదుపులో పెట్టకుండా బ్రష్ పట్టుకుంటే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా కష్టమే. నా లెక్కలో చెంబు బొమ్మ సగానికి పైగా బల్ల దగ్గరే తేలిపోతుంది. అందుకే ఇక్కడ బ్రష్ కంటే ముందు జరగాల్సిన పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు సామాను. హైదరాబాద్ బేగంబజారులో కొత్త ఇత్తడికి కొదవ లేదు. అయితే అలంకరణ కోసం అమ్మే కొత్త వస్తువుల మీద చాలావాటికి పారదర్శకమైన లాకర్ (వార్నిషు లాంటి) పూత ఉంటుంది. దానివల్ల లోహం మెరుపు మీద ఇంకో పలచని మెరుపు పడి వస్తువు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. వంటకూ పూజకూ వాడే సామానే మేలు. గురువారం జుమ్మేరాత్ బజారులోనో, ఆదివారం ఎర్రగడ్డ సంతలోనో దొరికే సొట్టలు పడిన పాత చెంబు అయితే ఇంకా మంచిది. ప్రతి సొట్ట దగ్గరా ప్రతిబింబం వంకర తిరుగుతుంది, ఆ వంకరలోనే చెంబు ఆకారం తెలుస్తుంది.

మొదటి అమరికకు మూడు వస్తువులు చాలు: ఒక ఇత్తడి చెంబు, సగం నీళ్లు పోసిన సాదా గాజు గ్లాసు, ఒక ఉల్లిపాయ. ఉల్లిపాయ ఎందుకంటే, పక్కన మెరవనిది ఒకటి ఉంటేనే మెరిసేదాని మెరుపు తెలుస్తుంది. అన్నీ మెరిసేవే పెడితే కంటికి పోల్చుకోవడానికి ఏదీ మిగలదు. చార్మినార్ దగ్గర దొరికే చెక్కుడు గాజు అత్తరు సీసా చూస్తే వెంటనే వేయాలనిపిస్తుంది కానీ దాన్ని నాలుగైదు బొమ్మల తర్వాతకు అట్టేపెట్టండి. దాని ఒక్కో పలక గదిలో ఒక్కో మూలను పట్టి చూపిస్తుంది. దేన్ని వదిలేయాలో తెలిసేదాకా అది చేతికి లొంగదు.

ఇత్తడిని చింతపండుతో తోమడం మనకు అలవాటే. చింతపండులోని ఆమ్లం పైన పట్టిన ఆక్సైడు పొరను కరిగిస్తుంది. ఎక్కువసేపు నానబెడితే మాత్రం పై పొరలోని జింకు కూడా కరిగిపోయి రాగి మిగులుతుంది, చెంబు అక్కడక్కడ గులాబీ రంగుకు తిరుగుతుంది. రెండు మూడు నిమిషాల్లో తోమేసి, బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తోమిన రోజే బొమ్మ మొదలుపెట్టొద్దు. కొత్త మెరుపు మొదటి కొన్ని రోజుల్లోనే మారుతుంది, వానాకాలంలో మరీ తొందరగా. బొమ్మ పూర్తి కావడానికి రెండు వారాలు పడితే, మొదట వేసిన ఎడమ వైపుకూ చివర వేసిన కుడి వైపుకూ రంగు కలవదు. తోమి మూడు నాలుగు రోజులు అలా వదిలేసి, రంగు నిలకడ పడ్డాక మొదలుపెట్టండి. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, వేలిముద్రలు నల్లబడతాయి.

గాజుకు శత్రువు బోరు నీళ్లు. వాటితో కడిగి ఆరబెడితే తెల్లటి మరకలు పడతాయి, లైటు పెట్టాక ప్రతి మరకా వెలుగుతుంది. చివరిసారి ఆర్వో నీళ్లతో కడిగి, నూలు పోగులు వదలని గుడ్డతో తుడవాలి. గ్లాసులో పోసేవి కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. కాచని నీళ్లలో కరిగి ఉన్న గాలి మర్నాటికల్లా గ్లాసు గోడకు బుడగలు కడుతుంది. నీటి మట్టం కూడా రోజురోజుకూ దిగుతుంది కాబట్టి, గ్లాసుకు వెనక వైపు సన్నగా మార్కర్ గీత పెట్టి ప్రతిరోజూ అక్కడిదాకా నింపండి.

ఇప్పుడు లైటు. బయటి పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ ఎంచుకోమంటాయి, అందులోంచి నేరుగా ఎండ పడదని. ఆమ్‌స్టర్‌డామ్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచే వస్తుంది. పొద్దునా సాయంత్రం అయితే మార్చి చివర నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు తూర్పు పడమరలకు ఉత్తరంగానే ఉంటాడు. అంటే జూన్‌లో ఉత్తరపు కిటికీ పక్కన పెట్టిన చెంబు మీద పొద్దున్నే ఎండ ముక్క పడుతుంది, గంటలో ఇంకోచోటికి జరుగుతుంది. కిటికీనే వాడాలనుకుంటే అద్దానికి బటర్ పేపరు అతికించండి, లేదా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆగండి.

కుదరకపోతే ఎల్‌ఈడీ దీపమే సుఖం. 5000 కెల్విన్ (వెలుగు రంగు కొలత, ఇది పగటి వెలుగుకు దగ్గర), సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్న 12 వాట్ల బల్బు ఒకటి చాలు. బల్బును నేరుగా పెట్టకుండా దాని ముందు అడుగున్నర చదరం ఫ్రేముకు బటర్ పేపరు బిగించి పెట్టాలి. నేరు బల్బు అయితే చెంబు మీద సూదిమొన లాంటి చుక్క ఒక్కటే పడుతుంది. బటర్ పేపరు అయితే చెంబు వంపు వెంట వంగిన చతురస్రం పడుతుంది, ఆ వంపు చూసే కన్ను చెంబు గుండ్రంగా ఉందని నమ్ముతుంది. దీపం ఎడమ వైపు, వస్తువులకు కొంచెం పైన, రెండు మూడు అడుగుల దూరంలో ఉండాలి. ఈజెల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) మీదకు వేరే దీపం, అదే కెల్విన్‌ది. పసుపు బల్బు కింద కలిపిన రంగును పగటి వెలుగులో చూస్తే గుర్తుపట్టలేరు. ఈ రెండో దీపం వెలుగు చెంబు మీద పడకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. గదిలో ట్యూబ్‌లైటు ఆపేయాలి.

సామాన్లను పెద్ద అట్టపెట్టెలో పెట్టండి. ముందు వైపూ దీపం వైపూ కోసేసి, లోపల ముదురు బూడిద రంగు కాగితం అంటించాలి. దీపానికి ఎదురు వైపు గోడకు మాత్రం నల్ల చార్ట్ పేపరు. ఈ నల్ల కాగితం విలువ చెప్పలేనిది. ఇత్తడిలో వెలుగు పట్టీ పక్కన, కోసినట్టున్న అంచుతో చీకటి పట్టీ పడితేనే అది లోహంలా కనిపిస్తుంది. చుట్టూ తెల్ల కాగితం పెట్టి చూడండి, అదే చెంబు క్షణంలో మట్టిదైపోతుంది. మీ చొక్కా కూడా ఇందులో భాగమే. తెల్ల బనీనుతో కూర్చుంటే చెంబు నడి పొట్ట మీద తెల్లటి మచ్చ కదులుతూ ఉంటుంది. ముదురు రంగు చొక్కా, అదీ రోజూ అదే, వేసుకోండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు: కుడి కంటికి కనిపించే మెరుపూ ఎడమ కంటికి కనిపించే మెరుపూ చెంబు మీద ఒకే చోట ఉండవు. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూస్తే మెరుపు పక్కకు జరగడం తెలుస్తుంది. తల కొంచెం కదిలినా చెంబులోని గది మొత్తం కదులుతుంది. అందుకని మెరుపు అంచులు గీసేటప్పుడు ఎప్పుడూ ఒకే కంటితో చూడాలి. కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద, చెంబూ గ్లాసుల అడుగుల చుట్టూ గుడ్డ మీద టేపు గుర్తులు పెట్టుకోవాలి. ఫోను ఫొటో చూసి వేస్తే ఈ బాధ తప్పుతుంది కానీ ఇంకో బాధ వస్తుంది. ఫోను తనంతట తాను నీడలు పెంచి వెలుగులు తగ్గిస్తుంది, దగ్గర నుంచి తీస్తే చెంబు మూతి సాగిపోతుంది. తప్పదనుకుంటే ఆరడుగుల దూరం నుంచి, రెండు రెట్లు జూమ్ చేసి, ఎక్స్‌పోజరు తగ్గించి తీయండి.

గాజుకు వెనక ఏముందన్నదే మొదటి నిర్ణయం. వెనక లేతగా ఉంటే గ్లాసు అంచులు ముదురు గీతల్లా కనిపిస్తాయి, ఎందుకంటే అంచు దగ్గర వంగిన కాంతి పక్కనున్న చీకటి నుంచి వస్తుంది. వెనక చీకటిగా ఉండి వెలుగు పక్క నుంచి పడితే అవే అంచులు తెల్లటి గీతలవుతాయి. ఫొటోగ్రాఫర్లు గాజు సీసాల ప్రకటనలకు ఈ రెండు పద్ధతులే వాడతారు. రెండూ కలిపిన సగం సగం వెలుగులో గ్లాసు అంచు ఒకచోట కనిపించి ఒకచోట మాయమవుతుంది. చెయ్యి తిరిగినవాళ్లకు అదే అందం, కొత్తవాళ్లకు అదే తలనొప్పి. మొదటి బొమ్మకు ముదురు నేపథ్యమే తీసుకోండి.

గీయడంలో ఎక్కువగా తప్పేది మూతుల దగ్గర. చెంబు మూతి, నీటి మట్టం, గ్లాసు అడుగు మూడూ ఒకే వెడల్పు దీర్ఘవృత్తాలు కావు. కంటి మట్టానికి ఎంత దిగువన ఉంటే అంత గుండ్రంగా తెరుచుకుంటాయి. అడుగును చదునుగా గీస్తే గ్లాసు బల్ల మీద నిలబడదు. రెండు కొసలూ మొనదేలకూడదు. గీసిన చెంబును ట్రేసింగ్ పేపరు మీదకు ఎత్తి, నడిమధ్యకు మడిచి వెలుగుకు పట్టి చూస్తే రెండు వైపులూ కలిశాయో లేదో తేలిపోతుంది. గ్లాసు మూతికి మందం ఉంటుంది కాబట్టి అక్కడ ఒకదానిలో ఒకటి రెండు వృత్తాలు గీయాలి. నీళ్లు గాజును తాకే చోట కొద్దిగా పైకి పాకుతాయి. ఆ అంచున సన్నటి వెలుగు గీత, దాని కిందే ముదురు గీత ఉంటాయి. ఈ జంట గీతలు సరిగ్గా పడితే గ్లాసులో నీళ్లున్నాయని ఇంక వేరే చెప్పక్కర్లేదు.

నేను కాన్వాసు కంటే 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన) పలకనే ఇష్టపడతాను, 12×16 అంగుళాలు. కాన్వాసు నేత మెరుపు అంచును రంపపు పళ్లలా విరగ్గొడుతుంది. పలకకు రెండు వైపులా ప్రైమరు వేయాలి, ఒక వైపే వేస్తే వంగుతుంది. ముందు వైపు మూడు పూతల యాక్రిలిక్ జెస్సో (రంగు పట్టేందుకు వేసే తెల్లటి ప్రైమరు), ప్రతి పూతా ఆరాక 320 నంబరు ఎమెరీ పేపరుతో రుద్దాలి. దాని మీద రా అంబర్ (ముదురు గోధుమ), కొంచెం అల్ట్రామెరీన్ (నీలం) టర్పెంటైన్‌తో పలచన చేసి పూసి, గుడ్డతో తుడిచేస్తే మధ్యస్థమైన బూడిద రంగు మిగులుతుంది. తెల్ల పలక మీద మొదలుపెడితే ప్రతి రంగూ ముదురుగా అనిపించి, భయపడి అన్నీ లేతగా వేసేస్తారు.

వెలుగునీడల లెక్క ఇక్కడే సరిచూసుకోవాలి. నలుపు ఒకటి, ట్యూబులోని తెలుపు పది అనుకుందాం. చెంబు మీది అసలు మెరుపు మన ట్యూబు తెలుపు కంటే ఎన్నో రెట్లు ప్రకాశవంతం, దాన్ని అందుకోలేం. కాబట్టి మిగతావన్నీ కిందికి దించాలి. బల్ల మీది తెల్ల గుడ్డ కూడా ఏడు దాటకూడదు. తొమ్మిది, పది మెరుపుల కోసమే దాచిపెట్టాలి. గుడ్డను తెల్లగా వేసేసి తర్వాత మెరుపు కనిపించడం లేదని తెలుపు మీద తెలుపు కుప్పపోయడం తరచుగా జరిగే పొరపాటు. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్ నగరం హార్లెమ్‌లో పీటర్ క్లాస్, విలెమ్ క్లాస్ హెడా వేసిన భోజనపు బల్లల బొమ్మలు చూడండి. బూడిద, గోధుమ, పాలిపోయిన ఆకుపచ్చ తప్ప పెద్దగా రంగులే లేవు. అయినా వెండి గిన్నె వెండిలాగే ఉంటుంది.

ఇత్తడికి ట్యూబులు ఆరు చాలు: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), రా అంబర్, బర్ంట్ సియెన్నా (ఎర్ర గోధుమ), అల్ట్రామెరీన్, లెమన్ ఎల్లో, టైటానియం వైట్. వెలుగు పడే ప్రాంతం ఓకర్, తెలుపు, చిటికెడు లెమన్. దాని పక్కన వెలుగు తగ్గేచోట ఓకర్‌లో రా అంబర్. అక్కడ ఇత్తడి ఆకుపచ్చకు మొగ్గుతుంది, దాన్ని నారింజగా వేస్తే రాగి అయిపోతుంది. చీకటి పట్టీ రా అంబర్, అల్ట్రామెరీన్, చివర్లో కొంచెం బర్ంట్ సియెన్నా. చెంబు లోపలి గోడ మాత్రం బయటికంటే ఎరుపెక్కి ఉంటుంది. లోపల వెలుగు ఒక గోడ నుంచి ఇంకో గోడకు తగులుతూ ప్రతిసారీ ఇత్తడి రంగును ఇంకొంచెం తీసుకుంటుంది. అక్కడ బర్ంట్ సియెన్నాను ధైర్యంగా వాడొచ్చు. బల్ల గుడ్డ మీద చెంబు విసిరే బంగారు రంగు వెలుగు ముక్కను మర్చిపోవద్దు, చెంబును గుడ్డ మీద కూర్చోబెట్టేది అదే.

స్టీలుకు రంగు లేదనుకుని నలుపూ తెలుపూ కలిపితే సిమెంటు వస్తుంది. అల్ట్రామెరీన్, బర్ంట్ సియెన్నా కలిపి ఒకసారి నీలం వైపు, ఒకసారి గోధుమ వైపు వంచిన బూడిదలు కావాలి. ఇంట్లో పీచుతో తోమిన స్టీలు గిన్నెకు చుట్టూ సన్నటి గీతలు ఉంటాయి. మెరుపు ఆ గీతలకు అడ్డంగా సాగుతుంది, అందుకే పళ్లెం అడుగున నడిమి నుంచి రెండు వైపులకూ విసనకర్రలా విచ్చుకుంటుంది. మన వంటింటి స్టీలును బొమ్మలోకీ శిల్పంలోకీ తెచ్చిన సుబోధ్ గుప్తా పని ఈ దృష్టితో చూడదగ్గది. 2006లో ఆయన స్టీలు గిన్నెలూ బక్కెట్లతో పేర్చిన పెద్ద పుర్రె, ‘వెరీ హంగ్రీ గాడ్’, ఫొటోలో చూసినా ప్రతి గిన్నెలోనూ చుట్టుపక్కలున్నది చిన్నచిన్నగా కనిపిస్తుంది.

గాజుకు విడిగా రంగు కలపొద్దు. ముందు నేపథ్యాన్నీ బల్లనూ గ్లాసు లోంచి వెళ్లిపోయేలా వేసేయండి. సాదా గాజు ఎదురుగా వచ్చిన వెలుగులో ఒక్కో ఉపరితలం నుంచి దాదాపు 4 శాతమే వెనక్కి తిప్పుతుంది, మిగతాది లోంచి పోతుంది. అంచుల దగ్గర, అంటే ఏటవాలుగా చూసేచోట, అది బాగా పెరుగుతుంది. కాబట్టి గ్లాసు మధ్య భాగం నేపథ్యమే, దాన్ని వదిలేయాలి. పని అంతా అంచుల్లో, అడుగున ఉన్న మందపాటి గాజులో. నీళ్లున్న భాగం మాత్రం వేరు. గుండ్రటి గ్లాసులో నీళ్లు లెన్సులా పనిచేసి, తగినంత వెనక ఉన్నదాన్ని కుడి ఎడమలు తారుమారు చేసి చూపిస్తాయి. గ్లాసు వెనక ఎడమ పక్కన చెంబు ఉంటే దాని పసుపు నీళ్లలో కుడి పక్కన కనిపించవచ్చు. తెలివితో సరిదిద్దకుండా కనిపించినట్టే వేయండి. గ్లాసు నీడలోనూ అంతే: నీడ మధ్యలో నీళ్లు పోగుచేసిన వెలుగు మచ్చ ఉంటుంది, దాన్ని వేయకపోతే అది స్టీలు గ్లాసు నీడ అయిపోతుంది.

మెరుపులు చివర్లో, కింది పొర ఆరాక, రెండో నంబరు సేబుల్ బ్రష్‌తో ఒక్కో దానికి ఒక్కటే వేటు. ఇత్తడి తిప్పే వెలుగుకు ఇత్తడి రంగు అంటుతుంది కాబట్టి తెలుపులో పిసరంత లెమన్ ఉండాలి, గాజు మీద మెరుపు దీపం రంగే. వేశాక మెత్తటి బ్రష్‌తో సవరించే బుద్ధి పుడుతుంది, ఆ బ్రష్‌ను దూరంగా పెట్టండి. లోహం బొమ్మను చంపేది ఎక్కువసార్లు ఆ సవరింపే.

హైదరాబాద్‌లో ఉండి బిద్రీ (నల్ల లోహంలో వెండి పొదిగిన సామాను) వేయకపోతే నాకు లోటుగానే ఉంటుంది, అయితే అన్నిటికంటే కష్టం అదే. జింకు ఎక్కువ, రాగి కొద్దిగా ఉన్న మిశ్రమంతో పోతపోసి, చెక్కి, వెండి తీగ పొదిగి, చివర్లో బీదర్ కోట మట్టీ నవాసాగరం (అమ్మోనియం క్లోరైడు) కలిపి పూస్తారు. ఆ మట్టి లోహాన్ని నల్లబరుస్తుంది, వెండిని ముట్టుకోదు. ఆ నలుపుకు మెరుపు తక్కువ, పైన రుద్దిన నూనె జాడ ఉంటుంది. ట్యూబు నలుపు ఒక్కటే వేస్తే అది గుంతలా లోపలికి పోతుంది. అల్ట్రామెరీన్, రా అంబర్ కలిపిన ముదురు మీద, దీపం వైపు ఒక్క మెట్టు లేతగా పలచటి పొర లాగాలి. వెండి పొదుగును అంతటా తెల్లగా వేయడమే అసలు తప్పు. దీపం వెలుగు తిరిగి మన కంటికి చేరేచోట మాత్రమే అది తెల్లగా ఉంటుంది. పక్కకు వెళ్లేకొద్దీ బూడిద అవుతుంది, నీడ వైపు కొన్నిచోట్ల నలుపులోనే కలిసిపోతుంది. పువ్వు సగం కనిపించి సగం మునిగిపోతే అప్పుడది వెండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కా అడుగుల ముందు అటూ ఇటూ నడుస్తూ చూస్తే వెండి వెలగడం, ఆరిపోవడం తెలుస్తుంది. శుక్రవారం సెలవు.

ఆరడం గురించి రెండు మాటలు. మొదటి పొరకు టర్పెంటైన్ ఎక్కువ, పై పొరలకు అవిసె నూనె ఎక్కువ. తిరగేస్తే పై పొర ముందు ఆరి పగులుతుంది. అంబర్ రంగుల్లోని మాంగనీసు తొందరగా ఆరనిస్తుంది, ఐవరీ బ్లాక్ బాగా ఆలస్యం చేస్తుంది, అందుకే నలుపును కింది పొరల్లో వాడను. టైటానియం వైట్ ట్యూబు వెనక పీడబ్ల్యూ 4 అని ఉంటే అందులో జింకు కలిసిందని అర్థం. జింకు తెలుపు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది.

అవిసె నూనె అంటిన గుడ్డపీలికల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకోవచ్చు. మే నెల ఎండలకు మూసిన గదిలో ఇంకా ప్రమాదం. విడివిడిగా బయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి.

వార్నిషుకు ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలూ జులైకో ఆగస్టుకో పూర్తయితే నవంబరు దాకా ఇంకొంచెం ఆగండి, తేమలో వేసిన వార్నిషు పొగమంచు పట్టినట్టు తెల్లబడుతుంది. మ్యాట్ (మెరుపు లేని) వార్నిషు ఈ బొమ్మలకు పనికిరాదు. అది చీకటి పట్టీలను బూడిదగా తేల్చేసి నల్ల చార్ట్ పేపరు పెట్టి సంపాదించినదంతా తీసేస్తుంది. మెరుపునిచ్చే గ్లాసీ వార్నిషు పలచగా ఒక్క పూత వేసి, పలకను గోడ వైపు వాల్చి, దుమ్ము పడకుండా ఒక రాత్రి ఫ్యాను ఆపేయండి.